రాహుకాలానికి ముందే అప్‌డేట్

రెండో శనివారం కావడంతో హరికిషన్‌కు ఆఫీసు సెలవు. ఆయనకు సెలవంటే ఇంట్లోవాళ్లకు లేనట్టే. ఆ ఉదయం బన్సీలాల్‌పేటలోని తన రెండంతస్తుల ఇంట్లో, గోడ క్యాలెండర్ ముందు నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి రాహుకాలం ఎప్పుడో చూశాడు. తొమ్మిది నుంచి పదిన్నర. శనివారం రాహుకాలం ఏ శనివారమైనా ఆ వేళకే వస్తుంది. అయినా ఆయన ప్రతి శనివారమూ చూస్తాడు, చూసి తల పంకిస్తాడు.

"తొమ్మిది లోపల అన్ని షురూ చెయ్యాలె," అని ఇల్లంతా వినపడేలా ప్రకటించాడు.

అన్నీ అంటే అప్‌డేట్లు. ఇంట్లో ఉన్న ప్రతి యంత్రమూ, కొత్త అప్‌డేట్ వచ్చింది పెట్టుకోమంటావా అని కొన్ని నెలలుగా ఆయన్ని బతిమాలుతోంది. ఆయన 'తర్వాత' అని నొక్కుతూ వచ్చాడు. ఆ 'తర్వాత' ఈ రోజే రావడానికి కారణం ఉంది. పదకొండు గంటలకు ఆయన భార్య కల్పలతకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. శుభమా అని ఆమె ఇంటర్వ్యూకు కూర్చుంటుంటే ఇంట్లో పాత సాఫ్ట్‌వేర్ ఉండటం ఆయనకు నచ్చలేదు. పండగకు ముందు సున్నం వేయించినట్టు, ఇంటర్వ్యూకు ముందు అన్నిటినీ అప్‌డేట్ చేయించాలని సంకల్పించాడు.

హరికిషన్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. ఒకసారి అక్కడి ప్రింటర్ పనిచేయకపోతే, గోడ దగ్గర స్విచ్ వేసి లేదని కనిపెట్టింది ఆయనే. అప్పటి నుంచి ఆ సెక్షన్‌లో కంప్యూటర్ అనే మాట వినబడితే అందరూ ఆయన సీటు వైపు చూస్తారు. పనిచేయించుకోవడానికి జనం పొగుడుతారన్న సంగతి ఆయనకు తట్టలేదు. తాను నిపుణుణ్నని నమ్మేశాడు.

కల్పలత వంటింట్లో ఉప్మా రవ్వ వేయిస్తోంది. ఆమె బీకాం చదివింది. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు ఉద్యోగం చేసింది. తర్వాత కూతురు పెంపకం, అత్తగారి మోకాళ్ల నొప్పులు, మొగుడి టిఫిన్ డబ్బా కలిసి ఆ ఉద్యోగాన్ని మింగేశాయి. ఇప్పుడు కూతురు హాస్టల్లో ఉంది, అత్తగారు అల్వాల్‌లో చిన్న కొడుకు దగ్గర ఉంది. ఇంతకుముందు రెండు ఇంటర్వ్యూలకు వెళ్లింది. రెండుచోట్లా "మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారు?" అని అడిగి, జవాబు సగం విని పంపించేశారు. ఇది కూడా తప్పిపోతే ఇక దరఖాస్తు అనేదే పెట్టకూడదని ఆమె లోలోపల ఒట్టు పెట్టుకుంది.

ఈసారి పిలిచింది గలగల బ్రాడ్‌బ్యాండ్ అనే ఇంటర్నెట్ కంపెనీ. వీళ్లింటికి నెట్ ఇచ్చేదీ ఆ కంపెనీయే. ఇంట్లో కూర్చుని, ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు విని, వాళ్లను శాంతింపజేసి పంపాలి. ఒకటే షరతు. ఇంటర్వ్యూ రోజున మధ్యాహ్నం పన్నెండు లోపల ఆమె ఇంటి నెట్ వేగాన్ని వాళ్లు పరీక్షిస్తారు. వేగం చాలకపోతే మనిషి ఎంత మంచిదైనా ఉద్యోగం ఇవ్వరు. ఇదంతా భర్తకు చెప్పాలని కల్పలత ఆ వారంలో చాలాసార్లు మొదలుపెట్టింది. "ఇంటర్వ్యూనే గదా, నేనున్న గదా," అని ఆయన ప్రతిసారీ మొదట్లోనే ఆపేశాడు. ఏ కంపెనీ అని కూడా అడగలేదు.

హరికిషన్ పని మొదలుపెట్టాడు. హాల్లో ఉన్న పాత కంప్యూటర్‌కు అగరుబత్తి చూపించి, అప్‌డేట్ నొక్కాడు. తర్వాత కల్పలత ల్యాప్‌టాప్, ఇద్దరి ఫోన్లు, హాల్లో టీవీ. అంతటితో ఆగితే ఆయన హరికిషన్ ఎందుకవుతాడు? మేడ మీద అద్దెకుంటున్న తాతారావు ఇంటికి వెళ్లి, ఆయన కంప్యూటర్‌లో కూడా నొక్కి వచ్చాడు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు నీళ్లు, కరెంటు, బండి పెట్టుకునే చోటుతో పాటు వైఫై పాస్‌వర్డ్ కూడా చెప్పడం ఆ గల్లీలో రివాజు. కాబట్టి పైనా కిందా అందరికీ నెట్ ఒక్కటే. తాతారావుది అమలాపురం. రాంగోపాల్‌పేటలో మందుల షాపు ఉంది, శనివారాలు మేనల్లుడికి అప్పగించి ఇంట్లో ఉంటాడు.

"ఇది పూర్తయ్యేదాంక ముట్టుకోవద్దు సార్. మధ్యల ఆగితే మిషిన్ ఖతం," అని హెచ్చరించాడు హరికిషన్.

"ఆయ్, అలాగేనండీ," అన్నాడు తాతారావు. ఇంటి ఓనరుతో ఆయన ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మాట్లాడడు.

రాహుకాలం రాకముందే అన్ని యంత్రాలూ ఒక్కసారిగా నెట్ తాగడం మొదలుపెట్టాయి. హరికిషన్ సంతృప్తిగా ఉప్మా తిని, ఫోన్లో వార్తలు పెట్టాడు. వార్తలు చదివే అమ్మాయి నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు ఎంతసేపటికీ మూతపడలేదు.

ఆయన చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్లి, గలగల కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి వైఫై డబ్బా ఒకసారి ఆపి మళ్లీ వేయమంది. "నువ్వేం చదువుకున్నవమ్మా?" అని అడిగాడు. మళ్లీ చేశాడు. ఈసారి ఒకబ్బాయి, ఇంట్లో ఏమైనా డౌన్‌లోడ్ అవుతున్నాయా సార్ అని అడిగాడు. "నన్నే అడుగుతవా? మీ మేనేజర్‌కు ఇయ్యి," అని గల్లీ చివర దాకా వినపడేలా అరిచాడు. మళ్లీ చేశాడు, మళ్లీ మళ్లీ చేశాడు. కల్పలతకు లోపల అరుపులే వినిపించాయి గానీ మాటలు వినిపించలేదు. ఆఫీసు వాళ్లతో మాట్లాడుతున్నాడనుకుంది. ఆయన ఆఫీసు వాళ్లతో అలాగే మాట్లాడతాడు.

ఆయన లోపలికి వచ్చేసరికి ఆమె పడకగదిలో ల్యాప్‌టాప్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. తెర మీద గుండ్రటి గీత తిరుగుతోంది.

"ఏమండీ, జెర వినుండ్రి. నెట్ అస్సలే నడుస్తలేదు. మీరు అన్ని అప్‌డేట్లు ఒక్కపారి పెట్టిండ్రు గదా, ఉన్న నెట్ అంత గవే గుంజుకుంటున్నయి. ఇంటర్వ్యూ అయ్యేదాంక ఆపుండ్రి. రాత్రికి ఒక్కొక్కటి..."

"ఆగాగు. నీకు తెల్వదు. అవి బ్యాక్‌గ్రౌండ్ల నడుస్తయి. వెనకాల నడిచేటివి ముందటి పనికి అడ్డమెట్ల వస్తయే?"

"వెనకాల నడిచినా నెట్ ఒక్కటే గదా. ఒక్క నల్లాకు అందరు బిందెలు పెడితే..."

"ఊకో! ఇంటర్నెట్‌కు, నల్లాకు ఏం సంబంధం? ఇంకో ముచ్చట విను. నేను మంచి ఘడియల షురూ చేసిన. ఇప్పుడు ఆపి మళ్ల పెట్టిననుకో, రాహుకాలంల షురూ చేసినట్టయితది. నీ ఇంటర్వ్యూ నాడు గట్ల చెయ్యమంటవా?"

ఈ మాటకు కల్పలత దగ్గర జవాబుంది. రాహుకాలం అయిపోవచ్చింది, రాత్రి పెట్టుకుంటే ఆ బెడదే ఉండదు. కానీ అప్పటికే ఆయన పైకప్పు వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"మీదికెల్లి ఎవరో నెట్ మస్తు వాడుతున్నరు. నాకు సమజైంది," అంటూ మెట్లెక్కాడు. పొద్దున తాతారావు కంప్యూటర్‌లో అప్‌డేట్ పెట్టింది తానేనన్న సంగతి ఆ మెట్ల మీద ఎక్కడో మరచిపోయాడు.

పైన తాతారావు తన కంప్యూటర్‌కు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన భార్య నాంచారమ్మ పట్టుచీర కట్టుకుని, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఏదో గుళ్లో జరుగుతున్న కళ్యాణం ప్రత్యక్ష ప్రసారమవుతోంది. సన్నాయి మోగుతోంది.

"సార్, మీరు ఏం నడిపిస్తున్నరు?" అన్నాడు హరికిషన్.

"నడపడం ఏంటండీ బాబూ? ఇందాక తమరే వచ్చి ఏదో నొక్కి, ముట్టుకోవద్దన్నారు. నేను కుర్చీ కూడా జరపలేదండీ."

"అది కాదు. టీవీల ఏందది?"

"స్వామివారి కళ్యాణం నాయనా. లైవు," అంది నాంచారమ్మ, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

"లైవ్! గదీ సంగతి. నా నెట్ అంత కళ్యాణానికే పోతున్నది."

"అబ్బే, అది డిష్షండీ. దానికీ మీ నెట్‌కీ..." అని తాతారావు చెప్పేలోపే హరికిషన్ మెట్ల మలుపులో ఉన్నాడు. అక్కడ గోడ వెంట నల్లటి వైరు ఒకటి పైకి పాకుతోంది. అది తన వైఫై డబ్బా నుంచి పైవాళ్లు దొంగతనంగా లాక్కున్న వైరేనని ఆయనకు చూడగానే తోచింది. రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

పైన సన్నాయి ఆగిపోయింది. తర్వాత వినిపించిన కేకకు కింద కల్పలత కూడా ఉలిక్కిపడింది.

"తాళి కట్టబోతుంటే ఆపేశావా నాయనా!" నాంచారమ్మ మెట్ల దాకా పరుగెత్తుకొచ్చింది. గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. "పంతులుగారు మంగళసూత్రం చేతికి తీసుకున్నారు. ఇలా ఎత్తారో లేదో, తెరంతా నీలంగా అయిపోయింది! ఏడాదికోసారి చూసే కళ్యాణం. ఇప్పుడీ అక్షింతలు ఎవరి మీద వెయ్యమంటావు?"

ఎవరి మీద వేయాలో ఆమె చూపును బట్టి హరికిషన్‌కు అర్థమైంది. వైరును మళ్లీ దాని చోట్లో పెట్టబోయాడు. పెట్టడానికి ఏముంది? అది ఎక్కడా ఊడిపోలేదు. ఆయన గుంజుడుకు డాబా మీదున్న డిష్షే పక్కకు తిరిగిపోయింది.

ముగ్గురూ డాబా ఎక్కారు. డిష్ నిలబడే ఇనుప కాలు తుప్పు పట్టి ఉంది. హరికిషన్ దాన్ని సరిచేయబోతే బోల్టు విరిగి, డిష్ మొత్తం ఆయన కౌగిట్లోకి వచ్చింది. ఇక దాన్ని వదిలిపెట్టడానికి వీల్లేదు. తాతారావు దిక్కులు చెప్పాడు. నాంచారమ్మ మళ్లీ కిందికి దిగి టీవీ ముందు నుంచి అరవసాగింది.

"వచ్చింది... వచ్చింది... పోయింది! ఇంకొంచెం తూర్పుకి తిప్పమనండి!"

"ఊపిరి పీల్చకండి బాబూ. మీరు పీల్చినప్పుడల్లా బొమ్మ పోతోందిట," అన్నాడు తాతారావు. ఆయన మొహంలో నవ్వు ఉందో లేదో చూడటానికి హరికిషన్‌కు తల తిప్పే వీలు లేదు.

ఎండ మాడు మీద పడుతోంది. సూపరింటెండెంటు హోదాలో ఉన్న మనిషి, తన సొంత డాబా మీద, కిరాయిదారుల డిష్షును బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. ఇలాంటి సమయంలో ఎవరైనా తన తప్పేమిటా అని ఆలోచిస్తారు. హరికిషన్‌కు మాత్రం ఇదంతా గలగల కంపెనీ తప్పని స్పష్టంగా కనిపించింది.

"నా జేబులకెల్లి ఫోన్ తీయుండ్రి సార్. ఆ కంపెనీకి మళ్ల కలపుండ్రి. స్పీకర్ పెట్టుండ్రి. ఇయ్యాల వాళ్ల సంగతి చూస్త."

కింద పడకగదిలో కల్పలత ఇంటర్వ్యూ మొదలై, మొదలైన చోటే ఆగిపోయింది. నమస్తే చెప్పడానికి ఆమె చేతులు జోడించగానే తెర బిగుసుకుపోయింది. అవతల కూర్చున్న ముగ్గురికీ ఆమె దండం పెట్టి వేడుకుంటున్నట్టు కనిపించింది. మేనేజర్ ప్రిసిల్లా మేడమ్ నేరుగా ఫోన్ చేసింది.

"కల్పలత గారూ, వీడియో వదిలేయండి. ఎలాగూ ఈ ఉద్యోగం ఫోన్‌లో చేసేదే. కానీ మీ నెట్ స్పీడ్ టెస్ట్ ఫెయిలైంది. పన్నెండు లోపల ఇంకోసారి చూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే నేనేమీ చేయలేను."

"అర్థమైంది మేడమ్," అంది కల్పలత.

"ఈలోగా మీకో పరీక్ష. ఒక కస్టమర్ పొద్దుటి నుంచి కాల్ చేస్తూనే ఉన్నారు. మావాళ్లలో ఒకమ్మాయి ఏడుస్తూ లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు మళ్లీ లైన్లో ఉన్నారు. మీకు కలుపుతున్నాను. మేం వింటూ ఉంటాం, మాట్లాడం. ఆయన్ని శాంతింపజేయండి."

క్లిక్‌మని చిన్న చప్పుడైంది.

"హలో! ఎవరు? ఈసారన్న దిమాక్ ఉన్నోళ్లకు ఇచ్చిండ్రా, లేదా?"

ఆ గొంతును గుర్తుపట్టడానికి కల్పలతకు 'హలో' కూడా అక్కర్లేదు, దానికి ముందు గొంతు సవరించుకోవడం చాలు. ఈయన మా ఆయన అని చెబితే పరీక్ష రద్దవుతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే గుర్తుపట్టి నానా రభస చేస్తాడు, అప్పుడూ పోతుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత పుస్తకాల్లో ఉండే తెలుగులో, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"నమస్తే సార్. గలగల బ్రాడ్‌బ్యాండ్ నుంచి మాట్లాడుతున్నాను. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. దయచేసి మీ సమస్య మొత్తం చెప్పండి సార్, వింటాను."

డాబా మీద ఫోన్ పట్టుకున్న తాతారావు ఆ గొంతు వినగానే కనుబొమలు పైకెత్తాడు. నెలకోసారి అద్దె ఇచ్చేటప్పుడు "కాఫీ తాగి పోండి" అనే గొంతు అది. ఆయన గుర్తుపట్టాడు. పద్దెనిమిదేళ్లుగా కాపురం చేస్తున్న హరికిషన్ గుర్తుపట్టలేదు. పట్టడానికి ఆయన ఆమె మాట ఒక్కటైనా చివరిదాకా వింటే గదా! అందులోనూ ఆమె ఆయన్ని 'సార్' అంది. 'సార్' అని పిలిచే మనిషి తన పెళ్లాం కాగలదన్న ఊహ ఆయనకు రావడానికి దారే లేదు.

హరికిషన్ చెప్పాడు. పొద్దుటి నుంచి జరిగింది, తన హోదా, తన కంప్యూటర్ జ్ఞానం, ఆఫీసులో ప్రింటర్ కథ. ఆమె అడ్డురాలేదు. మధ్యమధ్య "అవును సార్", "అర్థమైంది సార్" అంది. అది ఆమెకు అలవాటైన పనే. చివరికి ఆయన ఆయాసపడి ఆగాడు.

"మీలాగ కంప్యూటర్ గురించి ఇంత తెలిసిన కస్టమర్లు మాకు చాలా అరుదు సార్. అందుకే మీతో సూటిగా మాట్లాడవచ్చు. ఇప్పుడు మీ ఇంట్లో ఏవైనా అప్‌డేట్లు నడుస్తున్నాయా సార్?"

"ఏవైనానా? అన్ని నడుస్తున్నయి!" అన్నాడు హరికిషన్ గర్వంగా. "కంప్యూటర్, ల్యాప్‌టాప్, ఫోన్లు, టీవీ. కిరాయిదారు కంప్యూటర్ సుత నేనే పెట్టిన. అన్ని ఒక్కపారి, మంచి ఘడియల."

"చాలా మంచి పని చేశారు సార్. అయితే అప్‌డేట్ అంటే పెద్ద డౌన్‌లోడ్. తెర మీద కనబడకుండా వెనకాల నడిచినా, అదీ మీ నెట్‌నే వాడుకుంటుంది. ఒక్కటైతే తెలియదు, అన్నీ కలిస్తే మీ పనికి ఏమీ మిగలదు. ఒకే కుళాయికి అందరూ బిందెలు పెట్టినట్టు సార్."

డాబా మీద డిష్ కదలడం మానేసింది.

"వారెవ్వా!" అన్నాడు హరికిషన్. "చూసిండ్రా తాతారావు సార్? గిట్ల చెప్పెటోళ్లు ఉండాలె. ఒక్క మాటల సమజైంది. పొద్దున మా ఆవిడ సుత ఏదో నల్లా, బిందె అని గొణిగింది. ఆమెకు చెప్పనీకి రాదు మేడమ్, ఏం చేస్తం."

కల్పలతకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈయన మొద్దు కాదు, చెబితే అర్థమవుతుంది, చెప్పేది నేను కాకపోతే చాలు అనుకుంది. ఇన్నేళ్లకు ఆ సంగతి తెలిసినందుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ అవతల ముగ్గురు వింటున్నారు. గోడ మీది గడియారం పన్నెండు వైపు నడుస్తోంది.

"సార్, ఇప్పుడు వాటిని పాజ్ చేద్దాం."

"అదే తక్లీఫ్ మేడమ్. ఆపితే మళ్ల షురూ చెయ్యాలె. మంచి ఘడియ పోతది."

"పాజ్ అంటే ఆపేయడం కాదు సార్, కాసేపు విశ్రాంతి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగుతుంది. మీరు మొదలుపెట్టిన మంచి ఘడియ దానికి అలాగే ఉంటుంది. రాత్రి ఒక్కొక్కటిగా కొనసాగించండి. రాత్రిపూట రాహుకాలం పట్టింపు లేదు కదా సార్."

ఈ తర్కం ముందు హరికిషన్ చేతులెత్తేశాడు. నిజంగానే ఎత్తేశాడు, డిష్షును తాతారావు కౌగిట్లో పెట్టి. ఫోన్ తీసుకుని గబగబా మెట్లు దిగి హాల్లోకి వచ్చాడు. పడకగది తలుపు మూసి ఉంది. ఆ తలుపు అవతలే కల్పలత.

"ఇప్పుడు కంప్యూటర్ ముందర ఉన్న మేడమ్. చెప్పుండ్రి."

"సెట్టింగ్స్ తెరవండి సార్."

ఆ మాట ఆయనకు ఫోన్లోంచీ వచ్చింది, తలుపులోంచీ వచ్చింది. హరికిషన్ చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నాడు.

"మేడమ్, మీ లైన్ల ఎకో వస్తున్నది. గది సుత జెర చూపించుకోండ్రి."

కల్పలత చప్పుడు కాకుండా లేచి, స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. "సరిచేశాం సార్," అంది.

"ఇప్పుడు బరాబర్ ఉన్నది."

ఆమె చెప్పినట్టల్లా ఆయన చేశాడు. కంప్యూటర్‌లో పాజ్ చేశాడు, టీవీలో చేశాడు, తన ఫోన్లో చేశాడు. కల్పలత ల్యాప్‌టాప్, ఫోన్ దగ్గర మాత్రం ఆగాడు. "అవి మా ఆవిడ రూంల ఉన్నయి మేడమ్. ఆమె ఇంటర్వ్యూల ఉన్నది, డిస్టర్బ్ చెయ్యొద్దు," అని గొంతు తగ్గించి చెప్పాడు. ఆ మాటకు కల్పలత కోపం కొంచెం మెత్తబడింది. ఆ మాత్రం ఇంగితం ఉన్నవాడు పొద్దున ఒక్క నిమిషం వింటే ఏం పోయేదని మళ్లీ కోపమొచ్చింది. ఆ రెండింటినీ ఆమె ఎప్పుడో ఆపేసింది.

"పర్వాలేదు సార్, వాటి సంగతి మేం చూసుకుంటాం," అంది.

హరికిషన్ పైకి పరుగెత్తి తాతారావు కంప్యూటర్‌ను కూడా పాజ్ చేశాడు. వెంటనే ఆయన ఫోన్లో పొద్దుటి నుంచి నోరు తెరుచుకుని ఉన్న వార్తల అమ్మాయి గడగడా చదవడం మొదలుపెట్టింది.

"మేడమ్! నడుస్తున్నది! పొద్దటి సంది పరేషాన్ అయితున్న. మీ పేరేంది మేడమ్?"

కస్టమర్ అడిగితే పేరు చెప్పి తీరాలని కంపెనీ నియమం. ప్రిసిల్లా మేడమ్ వింటోంది.

"లత, సార్," అంది కల్పలత, ఉన్న పేరులో సగం.

"మంచి పేరు. మా ఆవిడ పేరుల సుత చివరికి గదే వస్తది. కానీ ఏం లాభం?" అన్నాడు హరికిషన్. ఫోన్ పెట్టేసి, కంపెనీ పంపిన మెసేజ్‌లో అయిదు నక్షత్రాలూ నొక్కాడు. కింద ఖాళీలో 'ఈ మేడమ్‌కు వెంటనే ప్రమోషన్ ఇవ్వగలరు' అని ఆఫీసు భాషలో రాశాడు కూడా.

పన్నెండు కాకముందే నెట్ వేగం మరోసారి పరీక్షించారు. పాసైంది. లైన్లో ఇక ప్రిసిల్లా ఒక్కతే మిగిలింది.

"కంగ్రాట్స్ కల్పలత గారూ. సోమవారం నుంచి డ్యూటీ. ఒక్క విషయం చెప్పాలి. మీ దరఖాస్తులో ఉన్న కస్టమర్ నంబరూ, ఆయన ఫిర్యాదులో ఉన్న నంబరూ ఒకటే. పొద్దున్నే చూశాను."

కల్పలత బకెట్ మీద నుంచి లేచి నిలబడింది. "తెలిసీ నాకే కలిపిండ్రా మేడమ్?"

"మా టీంలో ఎవరికీ లొంగలేదు. ఇంట్లోవాళ్లకైనా లొంగుతారేమోనని చూశాం."

"ఇంట్లోవాళ్లకు లొంగలేదు మేడమ్," అంది కల్పలత. "మీ కంపెనీకి లొంగిండు."

అవతల ప్రిసిల్లా చాలాసేపు నవ్వింది. కల్పలత ముఖం కడుక్కుని, హాల్లోకి వచ్చింది. హరికిషన్ ఫ్యాన్ కింద చొక్కా గుండీలు తీసి కూర్చుని ఉన్నాడు. డాబా మీద తాతారావు ఇంకా డిష్షును ఎత్తుకునే ఉన్నాడు. టీవీలో కళ్యాణం మళ్లీ మొదటి నుంచి వేస్తున్నారని తెలిసి, నాంచారమ్మ ఆయన్ని కదలనివ్వలేదు.

"నాకు ఉద్యోగమొచ్చింది," అంది కల్పలత.

"శెభాష్!" అన్నాడు హరికిషన్. నిజంగానే సంతోషించాడు. "నేను పొద్దటి సంది పడ్డ తిప్పలకు ఫలితం దక్కింది. ఏం పని అది?"

"ఫోన్ల కస్టమర్లతోని మాట్లాడుడు. గలగల కంపెనీల."

"గలగలనా? మరి ముందుగాల చెప్పొద్దా? అండ్ల లత అని ఒక మేడమ్ ఉన్నది. ఎంత ఓపిక, ఎంత మర్యాద! ఆమె దగ్గర నేర్చుకో. గట్ల మాట్లాడనీకి నీకు పదేండ్లు పడ్తది."

"ఆ లత ఎవరో కాదండీ, పొద్దున..."

"ముందుగాల నేను చెప్పేది విను," అన్నాడు హరికిషన్.

సాయంత్రానికల్లా తాతారావు ఈ సంగతి నాంచారమ్మకు చెప్పాడు, నాంచారమ్మ గల్లీకి చెప్పింది. సోమవారం పొద్దున తోపుడుబండి మీద కూరగాయలమ్మే బుచ్చమ్మ కల్పలతను "లత మేడమ్, టమాటలు కావాల్నా?" అని పిలిచింది. నెల గడిచింది, కల్పలతకు మొదటి జీతం కూడా వచ్చింది. హరికిషన్ ఇప్పటికీ తనను కలిసినవాళ్లందరికీ ఆ మేడమ్ గురించి చెబుతుంటాడు, వాళ్లు కల్పలత వైపు చూసి తల ఊపుతుంటారు. అసలు సంగతి ఆయనకు చెబుదామని కల్పలత వారానికోసారైనా ఎదురుగా కూర్చుంటుంది గానీ, ఆయన చెప్పేది ఇంకా పూర్తి కాలేదు.